ఎదుటి మనసును చదవడమూ చికిత్సలో భాగమే

ఆఫీసుకు అరగంట ఆలస్యంగా వచ్చిన ఉద్యోగిని చూసి పక్క సీటాయన నవ్వుతూ, "ఆహా, ఇవాళ ఎంత తొందరగా వచ్చారండీ!" అంటాడు. అది మెచ్చుకోలు కాదని, వెటకారమని విన్నవారికి రెప్పపాటులో తెలిసిపోతుంది. ఆ వెటకారంలో పగ లేదని, చనువు కొద్దీ అన్న మాటేనని కూడా తెలిసిపోతుంది. గొంతులోని సాగదీత, ఎగిరిన కనుబొమ్మ, గడియారం వైపు ఒక చూపు, ఇద్దరి మధ్య పాత పరిచయం... వీటన్నిటినీ కలిపి మెదడు ఒక లెక్క కడుతుంది. లెక్క కట్టినట్టు ఆ మనిషికే తెలియదు.

ఇదే మాటను నోయిడాలోనో గురుగ్రామ్‌లోనో ఒక ఆఫీసులో కొత్తగా చేరిన యువకుడు విన్నాడనుకుందాం. అతను స్కిజోఫ్రెనియాకు చికిత్స తీసుకుంటున్నాడు. మందులు వేళకు వేసుకుంటున్నాడు. చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం ఆగి ఏడాది దాటింది. పని బాగా వచ్చు. కానీ ఆ మాట అతనికి వేరే రకంగా చేరే ప్రమాదం ఉంది. నిజంగానే మెచ్చుకున్నారనుకొని "థాంక్యూ" అని కూర్చోవచ్చు. లేదా ఆఫీసంతా ఒక్కటై తనను వెక్కిరిస్తోందనుకొని మధ్యాహ్నానికే బ్యాగు సర్దుకొని వెళ్లిపోవచ్చు. ఇలాంటివి నాలుగైదు జరిగాక ఉద్యోగం పోతుంది. అప్పుడు ఎవరూ జబ్బు తిరగబెట్టిందనరు. "మనిషి మంచివాడే గానీ నలుగురితో కలవలేడు" అంటారు.

స్కిజోఫ్రెనియాతో జీవిస్తున్న చాలామందికి కోలుకునే దారిలో చివరి మెట్టు ఈ 'నలుగురితో కలవడం' దగ్గరే ఆగిపోతోంది. ఎదుటివారి ముఖం, మాట, ఉద్దేశం అర్థం చేసుకునే శక్తి మందులతో తనంతట తాను తిరిగి రాదు. దాన్ని విడిగా నేర్పాలి. నేర్పితే కొంతవరకు వస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. అయినా ఆసుపత్రి చీటీ మీద దానికి ఒక గీత కూడా దక్కడం లేదు. దేశ రాజధాని ప్రాంతం ఈ పద్ధతి మార్చడానికి తగిన చోటు. మార్చాల్సిన సమయం కూడా వచ్చింది.

మందులు ఎంతవరకు?

1952లో క్లోర్‌ప్రొమజైన్ వాడకంలోకి వచ్చాక స్కిజోఫ్రెనియా చికిత్స స్వరూపమే మారిపోయింది. లేని మాటలు వినిపించడం, ఎవరో తనను వెంటాడుతున్నారనే గట్టి నమ్మకం, తెగిపోయే ఆలోచనలు... ఈ లక్షణాలను ఆ మందు, తర్వాత వచ్చిన మందులు చాలామందిలో అదుపు చేశాయి. వైద్యుడు చెప్పకుండా మందులు ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువని దశాబ్దాల అనుభవం చెబుతోంది. కాబట్టి ఇక్కడ చెప్పబోయే శిక్షణ ఏదీ మందులకు బదులు కాదు. వాటికి తోడు మాత్రమే.

అయితే మందులు తీసేసేవి కొన్ని, తిరిగి ఇవ్వలేనివి కొన్ని. సామాజిక అవగాహన రెండో కోవలోకి వస్తుంది. పరిశోధకులు దీన్ని స్థూలంగా నాలుగు భాగాలుగా చూస్తారు. మొదటిది, ముఖంలో, గొంతులో ఉన్న భావాన్ని గుర్తుపట్టడం. రెండోది, ఎదుటివారి మనసులో ఏముందో ఊహించడం. మూడోది, సందర్భాన్ని, అక్కడి మర్యాదను పసిగట్టడం. నాలుగోది, జరిగినదానికి కారణం ఎవరన్న దానిపై తొందరపడకుండా నిర్ణయానికి రావడం. ఫోన్ ఎత్తని స్నేహితుడు బస్సులో ఉన్నాడా, కావాలనే ఎత్తలేదా అన్న ప్రశ్న ఈ నాలుగో భాగానికి చెందుతుంది.

ఈ లోటు ఎక్కడి నుంచి వస్తుంది? బ్రిటన్ శాస్త్రవేత్త క్రిస్టఫర్ ఫ్రిత్ 1992లో ఒక వివరణ ఇచ్చారు. తన మనసులో, ఇతరుల మనసుల్లో ఉన్న ఉద్దేశాలను గుర్తించే యంత్రాంగం దెబ్బతినడమే స్కిజోఫ్రెనియాలోని అనేక లక్షణాలకు మూలమని ఆయన వాదించారు. ఆ తర్వాత మెదడు స్కానింగ్ అధ్యయనాలు భయాన్ని పసిగట్టే అమిగ్డలా, ఇతరుల ఆలోచనను ఊహించేటప్పుడు పనిచేసే కణత వెనుక భాగం, నుదుటి వెనుక భాగం స్కిజోఫ్రెనియా ఉన్నవారిలో తేడాగా స్పందిస్తాయని చూపాయి. ఇంకా సులువుగా అర్థమయ్యే సంగతి కూడా ఒకటుంది. ఎవరైనా ముఖాన్ని చూసేటప్పుడు చూపు కళ్ల మీద, నోటి మీద పదేపదే వాలుతుంది. సమాచారమంతా అక్కడే ఉంటుంది మరి. స్కిజోఫ్రెనియా ఉన్న చాలామందిలో చూపు ఒకేచోట నిలిచిపోతుంది. కీలకమైన చోట్లు తప్పిపోతాయి. పుస్తకం చేతిలో ఉన్నా చదవాల్సిన వాక్యం మీదికి కన్ను వెళ్లడం లేదన్నమాట.

దీని ప్రభావం చిన్నది కాదు. 2011లో ప్రచురితమైన ఒక సమీక్ష 52 అధ్యయనాలను, వాటిలోని 2,692 మంది సమాచారాన్ని కలిపి చూసింది. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత వంటి సాధారణ మేధాశక్తులు రోగుల రోజువారీ జీవితంలోని తేడాల్లో సుమారు 6 శాతాన్ని వివరించగా, సామాజిక అవగాహన సుమారు 16 శాతాన్ని వివరించింది. ఉద్యోగం నిలబెట్టుకోవడం, స్నేహం చేయడం, ఇంట్లో తన వంతు పని చూసుకోవడం... వీటిలో ఎవరు ఎంత ముందుకు వెళ్తారన్నది లెక్కలు ఎంత బాగా చేస్తారన్న దానికంటే, మనుషులను ఎంత బాగా అర్థం చేసుకుంటారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతోందని దీని సారాంశం.

తరగతి గదిలో ఏం జరుగుతుంది?

ఈ శిక్షణల్లో బాగా పేరున్నది అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో డేవిడ్ పెన్ బృందం రూపొందించిన 'స్కిట్'. ఇది సామాజిక అవగాహన, కలుపుగోలుతనాలపై ఒక బృంద శిక్షణ. కొద్దిమంది ఒక బృందంగా వారానికోసారి చొప్పున సుమారు ఆరు నెలలు కలుస్తారు. మొదటి దశలో భావాలను గుర్తుపట్టడం నేర్చుకుంటారు. ముఖాల ఫొటోలు, చిన్న వీడియోలు చూస్తారు. కనుబొమ్మ ముడిపడితే ఏమిటి, పెదవి బిగుసుకుంటే ఏమిటి అని విడదీసి చర్చిస్తారు. ఆ కవళికను తమ ముఖంతోనూ పెట్టి చూస్తారు.

రెండో దశ ఆసక్తికరమైనది. ఇందులో వాస్తవాన్ని, ఊహను వేరు చేయడం నేర్పుతారు. 'ఆయన నన్ను చూసి తల తిప్పుకున్నాడు' అన్నది వాస్తవం. 'నేనంటే పడదు కాబట్టి తిప్పుకున్నాడు' అన్నది ఊహ. ఒకే సంఘటనకు కనీసం మూడు కారణాలు చెప్పమంటారు. ఎండ కంట్లో పడి ఉండవచ్చు. వెనక నుంచి ఎవరైనా పిలిచి ఉండవచ్చు. నిజంగానే కోపం ఉండవచ్చు. ఏదో ఒకటి తేల్చేయకుండా, తెలియనప్పుడు తెలియదని ఊరుకోవడాన్ని అభ్యాసం చేయిస్తారు. చాలినంత సమాచారం లేకుండానే నిర్ణయానికి దూకే అలవాటు స్కిజోఫ్రెనియాలో ఎక్కువగా కనిపిస్తుందని ఎన్నో ప్రయోగాలు చూపాయి. ఈ దశ గురి దాని మీదే.

మూడో దశలో ఎవరి జీవితంలోని సంఘటనను వారు తెస్తారు. ఇంటి ఓనరు మాట, వదిన చూపు, మేనేజరు మెసేజీ... ఏదైనా సరే. వాస్తవమెంత, ఊహ ఎంత అని బృందమంతా కలిసి విప్పుతారు. అనుమానం తీరకపోతే ఎదుటివారిని మర్యాదగా ఎలా అడగాలో అభినయించి చూస్తారు. "మీరు నిన్న అన్న మాట నాకు సరిగా అర్థం కాలేదు, ఏమనుకొని అన్నారు?" అని అడగగలగడం చాలామందికి అక్కడే మొదటిసారి జరుగుతుంది.

ఫలితాల మాటేమిటి? 2012లో కర్ట్జ్, రిచర్డ్‌సన్ అనే పరిశోధకులు ఇలాంటి 19 అధ్యయనాలను, 692 మంది సమాచారాన్ని కలిపి విశ్లేషించారు. ముఖంలోని భావాలను గుర్తించడంలో మెరుగుదల చెప్పుకోదగిన స్థాయిలో కనిపించింది. ఇతరుల మనసును ఊహించడంలో మెరుగుదల ఒక మోస్తరుగా ఉంది. నింద ఎవరి మీద వేయాలన్న ఆలోచనా తీరులో మాత్రం స్పష్టమైన మార్పు రాలేదు. అంటే నేర్పితే వస్తుంది, కానీ అన్నీ ఒకేలా రావు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. పరీక్షలో మార్కులు పెరగడం వేరు, బతుకులో మార్పు రావడం వేరు. ఫొటోలో కోపాన్ని గుర్తుపట్టిన మనిషి కిక్కిరిసిన మెట్రో బోగీలో దాన్ని గుర్తుపడతాడన్న హామీ లేదు. బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2014 మార్గదర్శకాల్లో, దీనికి దగ్గరి బంధువైన సామాజిక నైపుణ్యాల శిక్షణను విడి చికిత్సగా అందరికీ మామూలుగా ఇవ్వవద్దని చెప్పింది. ఈ హెచ్చరికను దాచిపెట్టి శిక్షణను మంత్రదండంలా ప్రచారం చేస్తే నష్టపోయేది రోగులే.

అయితే ఆ హెచ్చరిక పక్కనే పెట్టి చూడాల్సిన మరో ఫలితం ఉంది. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత వంటి మేధాశక్తులకు ఇచ్చే శిక్షణ మీద 2011లో టిల్ వైక్స్ బృందం 40 అధ్యయనాలను సమీక్షించింది. ఆ శిక్షణను పునరావాస కార్యక్రమంతో కలిపి ఇచ్చినప్పుడు నిజ జీవితంలో లాభం ఎక్కువగా కనిపించింది. తరగతిలో నేర్చుకున్నది అదే వారం పనిలో వాడే అవకాశం ఉంటే నిలుస్తుంది, లేకపోతే జారిపోతుంది. ఈత పుస్తకం చదివితే రాదు, నీళ్లలో దిగాలి. సామాజిక అవగాహన శిక్షణ విషయంలో ప్రణాళికలు వేసేవారు మొదట గుర్తుంచుకోవాల్సింది ఇదే.

ఎవరి ముఖాలు, ఎవరి మాటలు?

మనుషులను అర్థం చేసుకోవడం గణితం లాంటిది కాదు. రెండు రెళ్లు ఎక్కడైనా నాలుగే. కానీ పెద్దల ముందు తల దించుకుంటే మన దగ్గర మర్యాద, మరొక చోట దాపరికం. తెలుగులో 'పొమ్మనలేక పొగబెట్టడం' అనే నానుడి ఉంది. పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి మాట్లాడటమూ ఉంది. అసలు మాట అనకుండానే అనడం మన సంభాషణలో రోజూ జరిగేదే. 'నువ్వు' నుంచి 'మీరు'కు ఒక్కసారిగా మారితే గౌరవం పెరిగిందని కాదు, కోపం వచ్చిందని అర్థం కావచ్చు. హిందీలో 'తూ, తుమ్, ఆప్' మధ్య అలాంటి సూక్ష్మమే ఉంది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో హిందీ, మెయిల్లో ఇంగ్లిషు వాడే రాజధాని ప్రాంతపు తెలుగు కుటుంబంలో ఒక్కొక్కరూ రోజుకు మూడు రకాల మర్యాదలను చదవాలి. జబ్బు లేనివారికే అది తేలిక కాదు.

అందుకే పరాయి దేశపు పరీక్షలు ఇక్కడ నేరుగా పనికిరావు. ప్రపంచమంతా ఎక్కువగా వాడిన పాల్ ఎక్మన్ ముఖచిత్రాల సంపుటి 1976 నాటిది. అందులోనివి దాదాపు అన్నీ తెల్లవారి ముఖాలే. ఈ లోటును భారతీయ పరిశోధకులు ముందే గుర్తించారు. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌లో 2008లో రిషికేష్ బెహెరే బృందం 'ట్రెండ్స్' అనే పరీక్షను తయారుచేసింది. ఒక యువకుడు, ఒక యువతి, ఒక పెద్దాయన, ఒక పెద్దావిడ... ఈ నలుగురు భారతీయ నటులతో 52 నిశ్చల చిత్రాలు, 28 వీడియో ముక్కలు తీశారు. 2011లో అదే సంస్థలో ఉర్వక్ష్ మెహతా, జగదీశ తీర్థహళ్లి తదితరులు 'సోక్రటిస్' అనే పరీక్షల సమాహారాన్ని భారతీయ సందర్భాలకు తగినట్టు మార్చి, దాని ప్రామాణికతను పరిశీలించారు. తప్పుడు నమ్మకాన్ని పసిగట్టడం, వ్యంగ్యం, నలుగురిలో నోరుజారడం వంటివన్నీ అందులో ఉన్నాయి. లక్షణాలు చాలావరకు తగ్గినవారిలోనూ సామాజిక అవగాహన లోటు మిగిలే ఉంటుందని నిమ్‌హాన్స్ అధ్యయనాలు చూపాయి.

పరీక్ష ఉంటే సరిపోదు. థర్మామీటరు జ్వరాన్ని చూపుతుంది గానీ తగ్గించదు. భారతీయ ముఖాలతో కొలిచే పని మొదలైంది. భారతీయ సన్నివేశాలతో నేర్పే పని దానితో సమానంగా సాగాలి. హిందీలో, తెలుగులో, ఉర్దూలో, పంజాబీలో చిన్న చిన్న వీడియోలు తీయడానికి పెద్ద ఖర్చేమీ అవసరం లేదు. షేర్ ఆటోలో చోటు అడగడం, రేషన్ దుకాణం వరుసలో జరిగే తోపులాట, పెళ్లింట "ఇంకా పెళ్లి కాలేదా?" అన్న ప్రశ్న... అభ్యాసానికి ముడిసరుకు వీధి నిండా ఉంది.

ఢిల్లీ దగ్గర ఏముంది?

ఈ పనికి రాజధాని ప్రాంతం దగ్గర పునాది లేకపోలేదు. శాహ్‌దరాలో 1966లో మొదలైన మానసిక వ్యాధుల ఆసుపత్రి సుప్రీంకోర్టు జోక్యం తర్వాత 1993లో ఇహ్‌బాస్‌గా, అంటే మానవ ప్రవర్తన, అనుబంధ శాస్త్రాల సంస్థగా మారింది. గోడల మధ్య ఉంచే చోటు నుంచి బోధన, పరిశోధన, సమాజంలోకి వెళ్లి వైద్యం చేసే చోటుగా మారాలన్నదే ఆ మార్పు ఉద్దేశం. నగరంలో ఎయిమ్స్ ఉంది, రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రి ఉంది, వైద్య కళాశాలల మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి.

లోహియా ఆసుపత్రిలో జరిగిన ఒక ప్రయోగం ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. త్రిప్తీశ్ భాటియా, స్మితా దేశ్‌పాండే తదితరులు అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి స్కిజోఫ్రెనియా ఉన్న 286 మందిని యాదృచ్ఛికంగా మూడు బృందాలు చేశారు. ఒక బృందానికి మందులతోపాటు 21 రోజుల యోగా, ఒక బృందానికి వ్యాయామం నేర్పారు. మూడో బృందానికి మామూలు చికిత్స మాత్రమే కొనసాగింది. 2017లో వెలువడిన ఫలితాల్లో యోగా నేర్చినవారిలో ఏకాగ్రతకు సంబంధించిన వేగం ఆరు నెలల తర్వాత కూడా మెరుగ్గా కనిపించింది. ఇది సామాజిక అవగాహన శిక్షణ కాదు. అయినా ఒక విషయం దీనితో రుజువైంది. రోజూ రద్దీతో ఉక్కిరిబిక్కిరయ్యే ఢిల్లీ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ మందులు కాని చికిత్సను పద్ధతి ప్రకారం నేర్పవచ్చు, నెలల తరబడి వెంట ఉండి కొలవవచ్చు. 'మన దగ్గర కుదరదు' అన్న మాటకు ఇది జవాబు.

'మన దగ్గర మనుషులు లేరు' అన్నది రెండో అభ్యంతరం. లక్ష జనాభాకు ఒక సైకియాట్రిస్టు కూడా లేని దేశంలో ఈ మాట కొట్టిపారేయలేనిది. కానీ ఈ శిక్షణ సైకియాట్రిస్టు స్వయంగా ఇవ్వాల్సిన పని కాదు. 2014లో ద లాన్సెట్‌లో వచ్చిన 'కాప్సి' అధ్యయనం దీనికి ఆధారం. గోవా, మహారాష్ట్ర, తమిళనాడుల్లో 282 మంది మీద ఇది జరిగింది. శిక్షణ పొందిన స్థానిక సామాజిక కార్యకర్తలు స్కిజోఫ్రెనియా ఉన్నవారి ఇళ్లకు వెళ్లి, కుటుంబంతో మాట్లాడి, మందులు, రోజువారీ పనులు, పునరావాసం విషయాల్లో తోడ్పడ్డారు. ఆసుపత్రి వైద్యం మాత్రమే పొందినవారితో పోలిస్తే వీరిలో లక్షణాలు, వైకల్యం కొంతమేర ఎక్కువగా తగ్గాయి. ఆ మెరుగుదల ఓ మోస్తరుదేనని పరిశోధకులే చెప్పారు. పని చేసినవారు మాత్రం పెద్ద డిగ్రీలున్నవారు కాదు.

కుటుంబం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. 1950ల్లో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆసుపత్రి ఆవరణలోనే గుడారాల్లో ఉంచి, చికిత్సలో భాగస్వాములను చేశారు. జబ్బు గురించి వారితో రోజూ మాట్లాడారు. కుటుంబాన్ని చికిత్సలో కలుపుకోవడంలో ప్రపంచానికే ఇది తొలి పాఠాల్లో ఒకటిగా చెబుతారు. సామాజిక అవగాహన శిక్షణకు ఇంతకంటే సహజమైన తరగతి గది లేదు. వారంలో ఒక గంట బృందంలో నేర్చుకున్నది మిగతా ఆరు రోజులూ సాధన చేయాల్సింది ఇంట్లోనే.

నేర్చుకోవాల్సింది ఒక వైపేనా?

ఈ శిక్షణ మీద ఒక న్యాయమైన విమర్శ ఉంది. ఎదుటివారి వెటకారం అర్థం కాకపోతే రోగికి పాఠాలు చెప్పాలా, లేక వెటకారం చేసేవారికి చెప్పాలా? స్కిజోఫ్రెనియా ఉన్న మనిషిని చూసి ఇతరులు గొంతు తగ్గించి గుసగుసలాడతారు. చూపులు మారుస్తారు. పిలవాల్సిన చోటికి పిలవరు. 'నా వెనక ఏదో మాట్లాడుకుంటున్నారు' అన్న అతని అనుమానం అన్నిసార్లూ భ్రమ కాదు, కొన్నిసార్లు నిజమే. అలాంటప్పుడు 'నీ ఊహ తప్పు' అని నేర్పితే అది చికిత్స కాదు, మోసం.

మంచి శిక్షణ అందుకే 'అందరూ మంచివారే' అని చెప్పదు. 'ఆధారం చూసి తేల్చుకో' అని చెబుతుంది. దాని రెండో సగం సమాజానిది. మేనేజరు "ఏదో నీకు తోచినట్టు చూడు" అనడానికి బదులు "శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఈ రెండు పనులు కావాలి" అని చెప్పవచ్చు. ఇంట్లో తల్లి మూతి ముడుచుకొని కూర్చోవడానికి బదులు "మందు వేసుకోలేదని బాధగా ఉంది" అని నోరు తెరిచి అనవచ్చు. సూటిగా, మర్యాదగా మాట్లాడటానికి ఖర్చు కాదు. చక్రాల కుర్చీ కోసం ర్యాంపు కట్టడం ఎలాంటిదో, అర్థమయ్యేలా మాట్లాడటమూ అలాంటిదే. ఆ ర్యాంపు మీద మిగతావారు కూడా సుఖంగానే నడుస్తారు.

చట్టం చెప్పింది, చీటీలోకి రావాలి

ఇదంతా దయాధర్మం మీద జరగాల్సిన పని కాదు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ప్రభుత్వం అందించాల్సిన సేవల్లో ఆసుపత్రిలోనూ సమాజంలోనూ ఇచ్చే పునరావాసం, హాఫ్‌వే హోమ్‌లు ఉన్నాయి. సమాజంలో భాగంగా జీవించే హక్కును ఆ చట్టం విడిగా గుర్తించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లోని 4 శాతం రిజర్వేషన్‌లో ఆటిజం, మేధోవైకల్యం, మానసిక అనారోగ్యం తదితరాలన్నిటికీ కలిపి 1 శాతం కేటాయించింది. ఉత్తరప్రదేశ్ మానసిక వైద్యశాలల్లో నయమైనా వెళ్లే చోటు లేక ఉండిపోయినవారి గురించి దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2017లో పునరావాస ఏర్పాట్లకు ఆదేశాలిచ్చింది. నోయిడా, ఘాజియాబాద్ ఆ రాష్ట్రంలోనివే.

ఉద్యోగం దొరకడం చట్టం పని. ఆ ఉద్యోగంలో నిలబడే బలం ఇవ్వడం చికిత్స పని. ఆ రెంటి మధ్య వంతెన లేకపోతే 1 శాతం కోటా కాగితం మీదే ఉంటుంది.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు స్కిజోఫ్రెనియా, ఆ తరహా తీవ్ర జబ్బులకు గురైనవారు పెద్దవారిలో సుమారు 1.4 శాతం. ప్రస్తుతం ఈ జబ్బుతో ఉన్నవారిలో నలుగురికి ముగ్గురి చొప్పున చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఢిల్లీ లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా లేవు. మందులే అందనివారికి శిక్షణ గురించి మాట్లాడటం ముందుచూపా, అత్యాశా అని కొందరు అడగవచ్చు. ఈ రెంటినీ విడదీయడమే పొరపాటు. మందులు మొదలుపెట్టిన కుటుంబానికి 'తర్వాతేమిటి?' అన్న ప్రశ్నకు జవాబు కనిపించకపోతే ఆ మందుల మీద కూడా నమ్మకం సడలుతుంది. ఈ జబ్బు ఎక్కువగా ఇరవైల లోపు, ఇరవైల్లో మొదలవుతుంది. చదువు, మొదటి ఉద్యోగం, స్నేహాలు, పెళ్లి అన్నీ అప్పుడే. ఆ కొద్ది సంవత్సరాలు జారిపోతే తిరిగి రావు.

చేయాల్సింది నాలుగు మాటల్లో చెప్పవచ్చు. రాజధాని ప్రాంతంలోని పెద్ద ప్రభుత్వ మానసిక వైద్య విభాగాలు వారానికి ఒక పూట ఇలాంటి బృంద శిక్షణకు కేటాయించాలి. సైకాలజిస్టులకు, సోషల్ వర్కర్లకు, నర్సులకు దాన్ని నడపడం నేర్పాలి. పాఠాలను మన భాషల్లో, మన సన్నివేశాలతో తయారుచేసి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలి. అవి ఎర్రగడ్డ ఆసుపత్రికి, విశాఖపట్నం ఆసుపత్రికి కూడా పనికి వస్తాయి. ఫలితాన్ని ఫొటో పరీక్షలో మార్కులతో కాకుండా, ఏడాది తర్వాత ఎంతమంది పనిలో ఉన్నారు, ఎంతమంది వారానికొకసారైనా స్నేహితుడిని కలుస్తున్నారు అన్న లెక్కతో కొలవాలి. ఫలితం రాకపోతే ఆ సంగతీ బయటపెట్టాలి.

ఈలోగా సాయం కావాల్సిన కుటుంబాలు ఆగాల్సిన పని లేదు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ అందుతోంది. ఈసారి వైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు మందుల మోతాదుతో పాటు ఇంకొక ప్రశ్న అడగవచ్చు. "మావాడు మనుషులతో మళ్లీ కలవడానికి ఏం నేర్పిస్తారు?" అని. ఆ ప్రశ్న ఎంతమంది అడిగితే ఆ జవాబు అంత త్వరగా చికిత్స చీటీ మీదికి వస్తుంది.

ఆ నోయిడా ఆఫీసులో యువకుడికి కావాల్సింది పెద్ద అద్భుతమేమీ కాదు. "ఎంత తొందరగా వచ్చారండీ!" అన్న మాట విన్నాక ఒక్క క్షణం ఆగి, ఆ మనిషి ముఖం వైపు చూసి, "రేపటి నుంచి ఇంకా తొందరగా వస్తాలెండి" అని నవ్వగలిగితే చాలు. ఆ ఒక్క క్షణం ఆగడం నేర్చుకోవడానికి కొందరికి ఆరు నెలల తరగతులు పడతాయి. ఒక ఉద్యోగం, ఒక స్నేహం నిలబెట్టే ఆరు నెలలు ఖరీదైనవేమీ కావు.